మోచేతి పైన

చదివేవాళ్ళు నన్ను మన్నించాలి. నేను పలక పట్టింది అరవై దాటినాక, మా ఆయన పోయినాక. ఒత్తులు తప్పి ఉంటాయి. ఒకచోట దీర్ఘం ఎక్కువై ఇంకోచోట లేకుండా పోయి ఉంటుంది. ఒక పేజీ రాయడానికి నాకు పొద్దంతా పడుతుంది. ఆలస్యమైనా ఈ సంగతి రాయాలనిపించింది, పేర్లు మార్చి రాశాను.

మదారవ్వ మంచం పట్టిన ఎండాకాలం అది. వాన లేక రెండో ఏడు. కళ్యాణదుర్గం నుంచి కర్ణాటక వైపు పోయే దారిలో ఆ పల్లె. ఊళ్ళో ఉన్న దూదేకుల ఇళ్ళన్నిటికీ మదారవ్వే పెద్ద దిక్కు. ఆడపిల్లలకు నమాజు నేర్పేది ఆమె. ఆడమనిషి ఎవరైనా పోతే ఆఖరి స్నానం, గుసుల్ అంటారు దాన్ని, చేయించేది కూడా ఆమే. ఇప్పుడు ఆమే పోవడానికి సిద్ధంగా ఉంది. చూడవచ్చిన ఆడవాళ్ళు మంచం చుట్టూ కూర్చుని ఉండగా, ఆమె కళ్ళు తెరిచి, "నేను పోతే నన్ను కుళ్ళాయమ్మే కడగల్ల" అన్నది.

మసీదు కమిటీ ప్రెసిడెంటు భార్య జైబున్నీసా విసనకర్ర ఆపి, "నీకు జొరం ఎక్కువైనట్టుంది అవ్వా" అన్నది. "కళ్యాణదుర్గంలో మంచి నమాజీ మనిషి ఉండాది. ఆటో పంపిస్తే వస్తాది."

"నేను సచ్చేది ఈడ. ఆటోలో వచ్చేదానికి నా సంగతి ఏం తెలుసు?"

"కుళ్ళాయమ్మ తాగుతాది గదవ్వా!"

"తెలుసు లే. నా ముక్కు ఇంకా సావలేదు."

అవ్వ దగ్గర గుసుల్ పని నేర్చుకున్న కుళ్ళాయమ్మ అప్పటికి గడపలోనే నిలబడి ఉంది, నీళ్ళ బిందె చంకన పెట్టుకుని. ట్యాంకరు దగ్గర కొట్లాడి తెచ్చిన నీళ్ళు అవి. ఆమెకు ఒళ్ళు మండిపోయింది. జైబున్నీసా మీద మండింది. అడగకుండా తన పేరు తెచ్చిన ముసలిదాని మీద మండింది. ఆ మాటకు బదులు చెప్పలేని తన మీద అన్నిటికన్నా ఎక్కువ మండింది.

"నేను ఈడనే ఉండా. లేనట్టు మాట్లాడద్దండి" అన్నది.

"ఉండావు కాబట్టే అంటాండా. నీ ఎనక అనలేదు, చూడు" అన్నది జైబున్నీసా.

"ఇట్ల రా కుళ్ళాయమ్మా" అన్నది మదారవ్వ. "నేను సచ్చే రోజు నువ్వు తాగుండకూడదు. నేను అడిగేది అంతే."

"ఏ రోజు సస్తావు?"

"అది నాకు చెప్పి పంపలేదు."

ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. కుళ్ళాయమ్మ నవ్వలేదు. ముసలిది ఎంత పని చేసిందో ఆమెకు అర్థమైంది. ఏ రోజో తెలియదంటే, ప్రతి రోజూ ఆ రోజే.

కుళ్ళాయమ్మ తాగుడు గురించి దాపరికం ఏమీ లేదు. పావగడ వైపు నుంచి చిన్న అట్ట ప్యాకెట్లలో సరుకు వచ్చేది. ఆంజినప్ప బంకులో బీడీ కట్టల వెనక ఉండేది. మొగుడు హుసేనప్ప పరుపులు కుట్టేవాడు. ఆయన పోయిన ఏడాది నిద్ర పట్టక మొదలుపెట్టానని కొందరితో చెప్పేది. చింతకాయ కొట్టీ కొట్టీ రెక్కలు లాగుతుంటే మొదలుపెట్టానని ఇంకొందరితో చెప్పేది. ఆ రుచి తనకు నచ్చిందని మదారవ్వతో ఒక్కదానితోనే చెప్పింది. మూడూ నిజమే.

తాగిన పూట నమాజుకు నిలబడేది కాదు. ఏం పలుకుతున్నదో తెలియని నోటితో నమాజు దగ్గరికి పోవద్దని అవ్వ నేర్పింది. మత్తు దిగినాక, పగిలిపోయే తలతో, ఒళ్ళు కడుక్కుని, తప్పిన పూటలన్నీ ఒకదాని వెనక ఒకటి తీర్చేది. ఇంక తాగనని అల్లా ముందు ఏడ్చి తౌబా చేసేది. మళ్ళీ తాగేది. రంజాన్ నెలంతా చుక్క ముట్టేది కాదు. పండగ సాయంత్రం, సేమ్యా పాయసం తీపి నోట్లో ఉండగానే, ఆంజినప్ప బంకు ముందు నిలబడి ఉండేది.

"నెలంతా మానినదానివి తక్కిన నెలలు మానలేవా?" అని అందరూ అడిగేవారు. ఆ ప్రశ్న ఆమెకు తట్టనట్టు! రాత్రింబవళ్ళు ఆమెను తినేది ఆ ప్రశ్నే.

తాగుడు మానమంటే ఆమెకు కోపం వచ్చేది కాదు. అది న్యాయమైన మాట. కానీ ఆ ఏడు పండగ మర్నాడు జైబున్నీసా వీధిలో నిలబెట్టి, "తాగుడన్నా వదులు, నమాజన్నా వదులు. రెండూ పెట్టుకొని మన పరువు తీయద్దు" అన్నది. ఆ మాటకు కుళ్ళాయమ్మ చేతిలో ఉన్న చెంబును నేలకేసి కొట్టింది.

"నమాజు వదలమనేదానికి నువ్వెవతివే? బాయిలో పడినోళ్ళకు తాడేస్తారు. చేతులు కడుక్కొని వచ్చి పట్టుకో అంటారా యాడన్నా?"

ఆ చెంబు సొట్ట ఇంకా అట్లాగే ఉంది. నమాజుకు ముందు నోరు, మొహం, కాళ్ళు చేతులు కడుక్కునే వజూకు నీళ్ళు ఆ చెంబుతోనే పోసుకునేది.

మదారవ్వ మాట అడిగిన రోజు నుంచి కుళ్ళాయమ్మ మానేసింది. మానేసిన మనిషి శాంతంగా ఉంటుందని ఎవరైనా అనుకుంటే, వాళ్ళు ఎప్పుడూ దేన్నీ మానలేదని అర్థం. అన్నం వాసన గిట్టేది కాదు. కుక్క మొరిగితే కోపం, పక్కింటి టీవీ మోగితే కోపం. చింతకాయ కొట్టే కూలికి పోయి, ముందున్న కుప్పను కర్రతో బాదుతుంటే పెంకులు ఎగిరి పక్కవాళ్ళ మొహాన పడేవి.

"అక్కా, కాయ కొడతాండావా, ఎవర్నన్నా సంపుతాండావా?" అని పక్కన కూర్చున్న చౌడేశ్వరి అడిగింది.

"ముసల్దాన్ని" అన్నది కుళ్ళాయమ్మ. "పోదు. ఉండదు. నా పానం తీస్తాండాది."

సాయంత్రం పని దిగి నేరుగా మదారవ్వ ఇంటికి పోయేది. ఆంజినప్ప బంకు ముందు నుంచి పోకుండా, ఊరు చుట్టి కంపచెట్ల దారిన పోయేది. గడపలో నిలబడి అరిచేది.

"ఇంకా ఉండావా?"

"ఉండా. నువ్వు?"

"ఉండా."

వాళ్ళ సలాము అదే అయింది ఆ నెలలో. తర్వాత మంచం పక్కన కూర్చుని ముసలిదాని కాళ్ళు పిసికేది, తిట్టుకుంటూ. ఆ ఎండలో కూడా మదారవ్వ ఒంటి మీద చేతులు పూర్తిగా కప్పే రవికే ఉండేది. కోడలు ఖాజాబీ తడిగుడ్డతో ఒళ్ళు తుడుస్తానంటే మొహం, పాదాలు తప్ప ముట్టనిచ్చేది కాదు. వజూకు మోచేతి దాకా మడిచేది, వేలెడు పైకి పోనిచ్చేది కాదు. అది ఆమె సిగ్గు అనుకున్నారు అందరూ.

ఒకరోజు కుళ్ళాయమ్మ తాగింది.

ఆ రోజు ప్రత్యేకంగా ఏమీ జరగలేదు. ఎవరూ ఏమీ అనలేదు. మేస్త్రీ తిట్టలేదు, కూలి తగ్గించలేదు. కారణం చెప్పమంటే, సాయంత్రమైంది, అంతే. కాళ్ళు కంపచెట్ల దారి పట్టకుండా బంకు దారి పట్టాయి.

తూరుపు తెల్లబడుతుండగా లేచి, తల నీళ్ళ కింద పెట్టి, మదారవ్వ ఇంటికి పరుగెత్తింది. ముసలిది బతికే ఉంది. మేలుకునే ఉంది. ఆమె ఊపిరి చూడగానే కుళ్ళాయమ్మ భయం పోయింది. కోపం మిగిలింది.

"తాగినా! రాత్రి తాగినా. నీ మాట తీసుకపోయి పెంటలో పడేసినా. నేను ముందే చెప్పలేదా, నన్ను అడగద్దని? ఊర్లో ఇంతమంది మంచోళ్ళు ఉంటే నీకు నేనే దొరికినానా? కళ్యాణదుర్గం దాన్నే పిలిపించుకో, పో!"

"నేను రాత్రి సచ్చినానా?" అన్నది మదారవ్వ.

"లేదు."

"మరి అరిచేది ఎందుకు? లెయ్. వజూ చేసుకో. పొద్దు పైకొస్తాండాది, ఫజర్ నమాజు పోతాది."

"ఎన్నిసార్లు అవ్వా? చేయడం, ఇరిచేయడం, చేయడం, ఇరిచేయడం! నాకే అసియ్యంగా ఉండాది. పైనున్న ఆయనకు ఉండదా?"

"ఆయన అలిసిపోడు. నువ్వు అలిసిపోతావు. నీ రోగం అదే" అన్నది ముసలిది. తర్వాత ఎడమ చేతిని కుడి రెక్క మీద వేసుకుని మెల్లగా అన్నది. "నువ్వు తాగింది పొద్దునకి దిగిపోతాది. కొన్ని దిగవు కుళ్ళాయమ్మా. ఎంత కడిగినా పోవు. పోలేదని నమాజు మానుకుంటే ఇంకేం మిగులుతాది? వాటిని ఎత్తుకొనే నిలబడల్ల."

జ్వరంలో మాట్లాడుతోంది అనుకుంది కుళ్ళాయమ్మ. ముక్కు చీదుకుంటూ లేచి వజూ చేసుకుంది.

ఆ తర్వాతి బేస్తవారం మిట్టమధ్యాహ్నం మదారవ్వ పోయింది. ఖాజాబీ కబురు పంపితే కుళ్ళాయమ్మ చింతకాయ కుప్ప ముందు నుంచి లేచి, చేతుల గుజ్జు కూడా కడుక్కోకుండా వచ్చింది. వాకిట్లో పట్ట కట్టారు. మగవాళ్ళు దాని కింద కూర్చున్నారు. హజరత్ కూడా ఉన్నాడు, మసీదులో నమాజు చేయించడానికి కదిరి నుంచి ఆ ఏడే వచ్చిన కుర్రవాడు, ఇంకా గడ్డం సరిగ్గా నిండలేదు. గుమ్మంలో జైబున్నీసా అడ్డం నిలబడి ఉంది.

"కళ్యాణదుర్గానికి ఫోన్ చేసినాం" అన్నది. "నువ్వు తాగి వచ్చినావో ఏమో ఎవరికి తెలుసు?"

"నాకు తెలుసు."

"ఏదీ, ఊదు."

రోడ్డు మీద పోలీసులు లారీ డ్రైవర్లను అడిగినట్టు అడిగింది, సావు ఇంటి ముందు, ఊరంతా చూస్తుండగా. కుళ్ళాయమ్మ చెంపల్లోకి నెత్తురు పొంగింది. ఒక్క అడుగు ముందుకేసి జైబున్నీసా మొహం మీదే నోరు తెరిచి 'హా' అని ఊదింది.

"ఏం వాసనొచ్చింది? చెప్పు, అందరికీ ఇనపడేట్టు చెప్పు!"

జైబున్నీసా మొహం పక్కకు తిప్పుకుంది.

"చింతపండు" అని వెనక నుంచి చౌడేశ్వరి అన్నది. మగవాళ్ళలో ఎవరికో నవ్వు వచ్చి దగ్గుగా మార్చుకున్నారు.

హజరత్ లేచి, తల వంచుకునే మాట్లాడాడు. "పోయినామె ఎవరి పేరు చెప్పి పోయినారో వాళ్ళకే ముందు హక్కు. అమ్మా, మీరు తౌబా చేసినారా?"

"చేసినా" అన్నది కుళ్ళాయమ్మ. "మునుపు శానా సార్లు చేసినా. మొన్న ఇరిగిపోయింది. మళ్ళా చేసినా. నిన్న తాగలేదు, ఈ పొద్దు తాగలేదు. రేపటి సంగతి అల్లాకి తెలుసు, నాకు తెల్దు. ఇంక జన్మలో తాగనని ఒట్టు పెట్టమంటే పెట్టను. అబద్ధం ఒట్టు పెట్టి ఆమెను ముట్టుకోను."

"పోండమ్మా, ఎండ ఎక్కువగా ఉండాది. ఆలస్యం చేయద్దండి" అన్నాడు ఆ కుర్రవాడు.

"అయితే నేనూ లోపల ఉంటా" అన్నది జైబున్నీసా. "నీళ్ళు నేను పోస్తా. ఎట్ల కడుగుతాదో కండ్లారా చూస్తా."

దొడ్లో చీరలు అడ్డం కట్టి, బల్ల వేశారు. రేగాకు వేసి కాచిన నీళ్ళు ఒక డేగిసాలో, కర్పూరం కలిపిన నీళ్ళు ఇంకో బిందెలో పెట్టి ఖాజాబీ ఏడుస్తూ బయటికి పోయింది. లోపల ఇద్దరే మిగిలారు, బల్ల మీద మదారవ్వ. కుళ్ళాయమ్మ చేతులు రుద్ది రుద్ది కడుక్కుని, గుడ్డ తొడుగు వేసుకుంది. ఒంటి మీద దుప్పటి కప్పి, దాని కిందనే బట్టలు తీసింది. రవికె చేతులు ఒంటికి అతుక్కుని ఉన్నాయి. కత్తెర పెట్టి కుడిచేయి గుడ్డను మణికట్టు నుంచి భుజం దాకా కోసింది.

మోచేతి పైన పచ్చబొట్టు ఉంది.

పాతది, ఆకుపచ్చ నల్లబారింది. దాని చుట్టూ చర్మం కాలి, మెరిసిపోయి, ముడతలు పడి ఉంది. ఎప్పుడో జిల్లేడు పాలు పోసి పోగొట్టుకోవాలని చూసినట్టుంది. ఒకసారి కాదు, మచ్చ మీద మచ్చ ఉంది. అయినా అక్షరాలు పోలేదు. అక్షరాలు అని మాత్రమే కుళ్ళాయమ్మకు తెలిసింది. ఆమెకు చదవడం రాదు.

జైబున్నీసాకు వచ్చు. చదవొచ్చిన కళ్ళు చదవకుండా ఉండలేవు. ఆమె చేతిలో చెంబు ఆగిపోయింది.

"యా అల్లా" అన్నది. "ఇది వాళ్ళాయన పేరు కాదు. ఇది మనోళ్ళ పేరే కాదు. ఇది..."

కుళ్ళాయమ్మ చేయి వెళ్ళి ఆ పచ్చబొట్టు మీద పడింది. అరచేతితో మొత్తం కప్పేసింది.

"నోరు మూయి."

"ఈమెనా మనకు నమాజు నేర్పింది? ఈమెనా మన ఆడపిల్లల్ని..."

"నోరు మూయమన్నా!" గట్టిగా అరవలేదు. బయట అందరూ ఉన్నారు. పళ్ళ మధ్య నుంచి వచ్చింది మాట. "పేరు నాకు చెప్పద్దు. నాకు వద్దు. నా సెవిలో పడనీయద్దు."

"పాపం కాదా ఇది?"

"పాపమే. కాబట్టే కాల్చుకునింది, చూడు! ఎన్నిసార్లు కాల్చుకునిందో చూడు. నువ్వు నీ ఒంటి మీద ఒక్క నిప్పు రవ్వ పడనిచ్చినావా ఎప్పుడన్నా? పోలేదు. పోకపోయినా రోజుకు అయిదు పూటలు నిలబడింది, ఈ చేయి కట్టుకొనే నిలబడింది. నువ్వు పుట్టకముందు నుంచి నిలబడింది."

జైబున్నీసా వెనక్కి తగ్గలేదు. "చెప్పేది చెప్పల్ల. మంచిదనుకొని మోసపోతారు జనం."

కుళ్ళాయమ్మకు ఆ క్షణంలో ఆమె గొంతు పట్టుకోవాలనిపించింది. ఒక చేయి పచ్చబొట్టు మీద ఉంది కాబట్టి పట్టుకోలేదు. అవ్వ తనకు గుసుల్ నేర్పిన తొలి రోజు మొట్టమొదట చెప్పిన మాట గుర్తొచ్చింది. నీళ్ళు ఎట్లా పోయాలో కాదు, ముందు ఈ మాట చెప్పింది.

"కడిగేటోళ్ళు చూసింది కప్పెడితే, అల్లా వాళ్ళది కప్పెడతాడంట" అన్నది. "ఈమే చెప్పింది. నాది కప్పేదానికి ఏం లేదు జైబున్నీసా. నాది ఊరంతా చూసినారు. ఆంజినప్ప బంకు కాడ రోడ్డు మీదనే ఉండాది. నీది ఏమన్నా ఉంటే నువ్వే ఆలోచన చేసుకో. ఏదో ఒకరోజు నిన్ను కూడా ఈ బల్ల మీదనే పండబెడతారు."

జైబున్నీసా మొహంలో రంగు మారింది. ఏం గుర్తొచ్చిందో ఆమెకే తెలుసు. బయట ఎవరో పిల్లను గదమాయిస్తున్నారు. బల్ల మీద నుంచి నీళ్ళు కారి మట్టిలో ఇంకుతున్నాయి.

"నీళ్ళు పోయి" అన్నది కుళ్ళాయమ్మ.

జైబున్నీసా చెంబు వంచింది.

కుళ్ళాయమ్మ ముందు మదారవ్వకు వజూ చేయించింది. కుడి పక్క కడిగింది, ఎడమ పక్క కడిగింది. ఆ రెక్క దగ్గరికి వచ్చినప్పుడు రుద్దలేదు. పసిబిడ్డ మాడు కడిగినట్టు, ఊరికే నీళ్ళు జారనిచ్చింది. కర్పూరం నీళ్ళు అయినాక తుడిచి, కఫన్ గుడ్డల్లో మొట్టమొదట ఆ చేతినే కప్పింది. అప్పుడు గానీ ఆమె గొంతులోంచి ఏడుపు రాలేదు. అది కూడా తిట్టులాగే వచ్చింది. "దొంగముండా, ఒక్క మాట నాకు చెప్పింటే ఏమైండు నీకు? నేనొక్కదాన్నే అనుకుంటాంటి గదే ఇన్నాళ్ళూ" అన్నది.

చీరలు తొలగించి బయటికి రాగానే ఆడవాళ్ళు చుట్టుముట్టారు. కడిగి వచ్చినవాళ్ళను అందరూ అడిగేదే అడిగారు. మొహం ఎట్లా ఉంది, కళ వచ్చిందా, ఒళ్ళు తేలిగ్గా ఉందా అని. అందరి కళ్ళూ జైబున్నీసా మీదే ఉన్నాయి. కుళ్ళాయమ్మను ఎవరూ అడగలేదు, తాగేదాని మాటకు విలువేముంది? ఆమె బిందె ఎత్తుకుని నిలబడి జైబున్నీసా నోటి వైపు చూసింది. ఆ బిందె నెత్తిన పెట్టి కొట్టడానికి సిద్ధంగానే ఉంది.

జైబున్నీసా తడి కొంగు పిండుకుంది. చాలాసేపు పిండుకుంది.

"మొహం నిండుగా ఉండాది" అన్నది. "మిగిలింది మీకెందుకు? లేయండి, జనాజా ఎత్తే టైమైంది." అని ఎవరి మొహమూ చూడకుండా ఇంటికి పోయింది. ఆ తర్వాత కూడా కుళ్ళాయమ్మతో ఆమె మాట్లాడలేదు. ఆ పేరు మాత్రం ఊళ్ళో ఎక్కడా వినపడలేదు.

మగవాళ్ళు మట్టి చేసి తిరిగొచ్చేసరికి పొద్దు వాలింది. కుళ్ళాయమ్మ ఇంటికి పోతూ కంపచెట్ల దారి పట్టలేదు. ఊరు చుట్టి పోయే ఓపిక లేదు. బంకు ముందుకు రాగానే ఆంజినప్ప లేచి నిలబడ్డాడు. మంచివాడు పాపం. సావును ముట్టుకుని వచ్చినవాళ్ళకు ఒక గుక్క పడకపోతే రాత్రి గడవదని అతని నమ్మకం. బీడీ కట్టల వెనక నుంచి ప్యాకెట్ తీసి, కాగితంలో చుట్టి చాపాడు.

"తీసుకోక్కా. ఈ పొద్దు దుడ్లు వద్దులే. శానా కష్టపడినావు."

కుళ్ళాయమ్మ చేయి లేచింది. తనకు తెలియకుండానే లేచింది. వేళ్ళకు ఇంకా కర్పూరం వాసన ఉంది. ఆ వాసనకు ఆ చేయి మధ్యలో నిలిచిపోయింది.

"లోపల పెట్టుకో" అన్నది. "ఆంజినప్పా, రెండు దినాలు పోతే నేనే వచ్చి అడుగుతా. అప్పుడు కూడా ఇయ్యద్దు."

"ఇయ్యకపోతే తిడతావు గదక్కా."

"తిడతా."

"కొడతావు కూడా."

"కొడతా. కొట్టినా ఇయ్యద్దు. ఇస్తే నీ బంకుకు నిప్పు పెడతా, చూసుకో."

ఆంజినప్ప ప్యాకెట్ చేతిలో పెట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. ఆమె పోయింది.

ఇంట్లోకి రాగానే మగ్రిబ్ అజాన్ వినపడింది. సొట్ట చెంబులో నీళ్ళు ముంచుకుంది. ఒళ్ళంతా ఆ ప్యాకెట్ కోసం లాగుతూనే ఉంది. నోరు ఎండిపోయింది. ముసలిదాని మీద కోపం, జైబున్నీసా మీద కోపం, లాగే తన ఒంటి మీద కోపం, ఇట్లాంటి ఒళ్ళు ఇచ్చినవాడి మీద కూడా కోపం. వజూ మొదలుపెట్టింది. నోరు పుక్కిలించింది. మొహం కడుక్కుంది. కుడిచేయి మోచేతి దాకా కడిగితే చాలునని మదారవ్వే నేర్పింది. కుళ్ళాయమ్మ రవికె చేతిని భుజం దాకా నెట్టి, రెక్క మొత్తం తడిచేట్టు నీళ్ళు పోసుకుంది. ఎడమ చేతికీ అట్లాగే పోసుకుంది.

తర్వాత చాప పరిచి, ఆ కోపంతోనే నిలబడి, "అల్లాహు అక్బర్" అన్నది.

దూదేకుల ఇమాంబీ
వయసు అరవై ఎనిమిది
ఇప్పుడు ఉండేది గోరంట్లలో, చిన్న కూతురి ఇంట్లో